చివరి దశలో ఉన్నవారిని ఆసుపత్రికి పంపాలా వద్దా అన్నది నర్సు చేతిలో ఉంటుందా?

వృద్ధుల హోమ్‌లో ఉన్న మీ అమ్మగారి విషయంలో ఈ నిర్ణయం ఎవరిదని అడిగారు. కాగితం మీద నర్సుది కాదు. రాసేది డాక్టరు, ఒప్పుకోవాల్సింది ఆవిడ, చెప్పలేని స్థితిలో ఉంటే ఇంట్లోవాళ్లు. కానీ నేను అలాంటి హోమ్‌లో 11 ఏళ్లు నర్సుగా చేశాను, ఎక్కువగా నైట్ డ్యూటీలే. అర్ధరాత్రి డాక్టరు ఫోన్‌లోనే ఉంటారు, ఆయనకు కనిపించేది మేం చెప్పినంతే.

"సార్, ఆయాసం ఎక్కువైంది, ఆక్సిజన్ 82" అని ఊరుకుంటే "అంబులెన్స్ పిలవండి" అంటారు. అదే, "నాలుగు రోజులుగా తినడం లేదు, మూత్రం తగ్గింది, కాళ్లు చల్లబడ్డాయి, ఊపిరి ఆగి ఆగి వస్తోంది, ఆసుపత్రి వద్దని ముందే రాసిచ్చారు" అని చెబితే, "మార్ఫిన్ ఉందా మీ దగ్గర?" అని అడుగుతారు. (నొప్పి తగ్గించే ఈ మందు ప్రాణం తీస్తుందని చాలామందికి భయం. ఆయాసం తగ్గడానికి డాక్టరు చూసి ఇచ్చే కొద్దిపాటి మోతాదు అలా చేయదు.)

కొత్తలో నేనూ తప్పు చేశాను. ఒక పెద్దాయనకు గొంతులో గరగర మొదలైంది. ఫోన్‌లో కొడుకు ఏడుస్తున్నాడు, నాకు టెన్షన్, ఫైల్లో ఏమీ దొరకలేదు. పంపేశాను. అక్కడ ఆయన తికమకపడి సెలైన్ సూది పీకేసుకుంటే చేతులు మంచానికి కట్టారట. రెండో రోజు పోయారు. ఆసుపత్రి వద్దన్న కాగితం తర్వాత కనిపించింది, ఫైలు చివర, మందుల బిల్లుల వెనకాల.

అలాగని ఎప్పుడూ పంపకూడదనీ కాదు. తుంటి ఎముక విరిగి, ఇక్కడి మందులకు నొప్పి లొంగకపోతే నేనే పట్టుబట్టి పంపించేదాన్ని. మూత్రం ఆగిపోయి గిలగిలలాడుతుంటే మాత్రం గొట్టం వేస్తే చాలు, దానికి ప్రయాణం అక్కర్లేదు. నిజం చెప్పాలంటే, స్టాకులో మందు లేక పంపిన రాత్రులూ ఉన్నాయి. ఆ మాట ఇంట్లోవాళ్లకు ఎవరూ చెప్పరు.

కాబట్టి పగలు వెళ్లినప్పుడే అడగండి: నొప్పికీ ఆయాసానికీ మందులు ముందే రాయించి, తెప్పించి పెట్టారా? రాత్రి ఏ డాక్టరు ఫోనెత్తుతారు? అమ్మగారు ఇంకా మాట్లాడగలిగితే ఏం కావాలో ఆవిడనే అడిగి డాక్టరు చేత రాయించండి. సాయంత్రం డ్యూటీ మారేదాకా ఆగి, ఆ కాగితం ఫైల్లో ఎక్కడుందో నైట్ సిస్టర్‌కు మీ చేత్తో చూపించి రండి.