గిటార్లు చేయడం నేర్పే పనికి మా తమ్ముణ్ని ఉగాండా పంపొచ్చా?

కడపలో వడ్రంగం చేసే మీ తమ్ముణ్ని, ఉగాండాలో శరణార్థులకు చేత్తో గిటార్లు చేయడం నేర్పే షెడ్డుకు పంపొచ్చా అని అడిగారు. పంపండి. మాది ప్రొద్దుటూరు, మా నాయన దర్వాజాలు, కిటికీలు చేసేవాడు. నేను ఉగాండా రాజధాని కంపాలాలో అలాంటి షెడ్డే నడుపుతున్నాను.

మన జిల్లాలో విదేశం అంటే కువైటే. నేను సెలవుకు వస్తే అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎర్రచందనంతో చేస్తున్నావా?" వినీ వినీ విసుగొచ్చింది. కాదు, తీగల కింద ఉండే ముఖపలకకు స్ప్రూస్ అనే తేలిక చెక్క, వెనక్కీ పక్కలకూ రోజ్‌వుడ్ అనే గట్టి చెక్క వాడతాం.

మీ తమ్ముడికి చెక్క తెలుసు, మంచిదే. కానీ గిటార్ ముఖపలక మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. దాని లోపలివైపు అతికించే బద్దలను ఎంతవరకు చెక్కాలో చెవితో తేల్చుకోవాలి. మా దగ్గర కాంగో నుంచి వచ్చిన అబ్బాయి ఒకడున్నాడు. ఉలి పట్టింది ఇక్కడికొచ్చాకే. కానీ పుట్టినప్పటి నుంచి వాళ్ల రుంబా వింటూ పెరిగాడు. 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన సంగీతం అది, దానికి గిటారే ప్రాణం. ఒక సాయంత్రం పలకను రెండు వేళ్లతో ఎత్తి పట్టి, చెవి దగ్గర పెట్టుకుని, వేలి కణుపుతో తట్టాడు. "ఇంకా గొంతు రాలేదు" అని బద్ద మీద సన్నటి పొర తీశాడు. మళ్లీ తట్టాడు. జనరేటర్ ఆపమన్నాడు. అందరం పని వదిలేసి చుట్టూ నిలబడ్డాం. ఇంకో పొర, ఇంకోటి. ఉన్నట్టుండి పలక ఖంగుమంది. ఉలి పక్కన పెట్టేశాడు. అతిగా చెక్కితే తీగల లాగుడుకు పలక ఉబ్బిపోతుంది. ఎక్కడ ఆపాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

అలాంటివాళ్లకు మూడు నెలల శిక్షణ, ఒక సర్టిఫికెట్ ఇచ్చి, ఫొటో తీసుకుని పంపేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ పని చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ వాళ్ల ఇంటి అద్దె ఎవరు కడతారు? 2006 చట్టం ప్రకారం ఉగాండాలో శరణార్థులు ఉద్యోగం చేసుకోవచ్చు. జీతం ఎగ్గొట్టడానికి సాకే లేదు.

అందుకే టికెట్ తీసే ముందు, నేర్చుకునేవాళ్లకు మొదటి నెల నుంచే జీతం ఇస్తున్నారా అని ఆ షెడ్డువాళ్లను అడగమనండి. నీళ్లు నమిలితే వెళ్లొద్దు. ఇస్తుంటే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని బయల్దేరమనండి. తన ఉలులు తనే తెచ్చుకోవాలి, చేతిసంచిలో కాకుండా లగేజీలో వేసుకోమనండి.