టెక్ సందేహాలు: తుక్కు అసలు ఖరీదెంత?

ప్రశ్న: మాది జీడిమెట్లలో చిన్న లేజర్ కటింగ్ యూనిట్. ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఉక్కు) షీట్లు కోస్తాం. తుక్కు అమ్మిన డబ్బు టాలీలో ఆదాయంగా కనబడుతోంది కాబట్టి వేస్టేజీతో నష్టమేమీ లేదంటున్నారు మా అకౌంటెంటు. నిజమేనా? లెక్క తేలాలంటే ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

జవాబు: నిజం కాదు. అలాగని సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, గూగుల్ షీట్స్, ఒక ప్లాట్‌ఫాం కాటా చాలు. వృథా ఖర్చును లెక్కగట్టే పద్ధతిపై 2011లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14051 ప్రకారం తుక్కు మీద షీటు ధరే కాదు, కరెంటు, గ్యాస్, కూలీల్లో దాని వాటా కూడా వేయాలి. ఆ వాటాను మామూలుగా బరువును బట్టి పంచుతారు.

నెలకు 10,000 కిలోల షీటు వాడారనుకుందాం, కిలో 65 రూపాయలు. మంచి పీసులు 7,800 కిలోలు, తుక్కు 2,200. తుక్కులో పోయిన షీటు విలువ 1,43,000. కటింగ్ ఖర్చు 2 లక్షలైతే అందులో 22 శాతం, అంటే 44,000. మొత్తం 1,87,000. కిలో 32కి అమ్మితే చేతికొచ్చేది 70,400. మిగిలిన 1,16,600 నష్టమే. తుక్కు కరిగి మళ్లీ ఉక్కవుతుంది, కానీ దాన్ని కోయడానికి మీరు పెట్టిన కరెంటు, గ్యాస్ తిరిగి రావు. జీఎస్టీ క్రెడిట్ తీసుకుంటుంటే ధరలన్నీ పన్ను లేకుండా రాయండి.

గూగుల్ షీట్స్‌లో పెట్టాల్సిన కాలమ్‌లు ఇవి: తేదీ, జాబ్ నంబరు, స్టోర్ ఇచ్చిన కిలోలు, మంచి పీసుల బరువు, మళ్లీ వాడదగ్గ ముక్కలు, తుక్కు, కారణం. చివర్లో తేడా, అంటే ఇచ్చిన కిలోల్లోంచి ఆ మూడు బరువులూ తీసేస్తే మిగిలేది. అది 2 శాతం దాటితే ముందు కాగితం మీద సైజుతో లెక్కగట్టిన షీటు బరువును అనుమానించండి. 2500×1250 సైజు, 2 మి.మీ. షీటు లెక్కకు 49 కిలోలు, కానీ మందం కాస్త అటూఇటూ ఉంటుంది. షీటును కాటా మీదే తూచండి. చిన్న పీసులైతే ఇరవై కలిపి తూచి భాగించండి. మెషీన్ బెడ్ కింది ట్రేలో పడే స్లాగ్ (కోసేటప్పుడు కరిగి గడ్డకట్టిన లోహం) శుభ్రం చేసిన రోజే తూకానికొస్తుంది కాబట్టి తేడాను రోజువారీ కాదు, ఆ ట్రే ఖాళీ చేసినప్పుడల్లా చూడాలి.

కారణాలు నాలుగే పెట్టండి: నెస్టింగ్ మిగులు (షీటు మీద పీసులు అమర్చాక మిగిలేది), సెటప్ ట్రయల్, కటింగ్ లోపం, డ్రాయింగ్ మార్పు. ‘ఇతరాలు’ పెట్టారంటే అందరూ అదే నొక్కుతారు. నెస్టింగ్ మిగులే ఎక్కువైతే ఉచితంగా దొరికే నెస్టింగ్ సాఫ్ట్‌వేర్ డీప్‌నెస్ట్‌లో అదే జాబ్ అమర్చి పోల్చండి. డ్రాయింగ్ మార్పు వల్ల పోయింది మాత్రం కస్టమర్ కొటేషన్‌లోకి వెళ్లాలి.

ప్రశ్న: ఆపరేటర్లు ఫోన్లోంచి గూగుల్ ఫారంలో ఎక్కిస్తున్నారు. కొత్త ఎంట్రీ రాగానే పక్కన ఫార్ములా ఖాళీగా ఉంటోంది. ఎందుకు?

జవాబు: ఫారం ప్రతిసారీ కొత్త వరుసను చొప్పిస్తుంది, మీరు కిందికి లాగిన ఫార్ములా దానికి అందదు. లెక్కలు వేరే ట్యాబ్‌లో అరేఫార్ములాతో (కాలమ్ మొత్తానికీ ఒకే ఫార్ములా పనిచేసే ఫంక్షన్) పెట్టండి. జాబ్ నంబరును టైప్ చేయనివ్వకుండా డ్రాప్‌డౌన్ ఇవ్వండి. ఒక్క అంకె తప్పు పడినా, జాబ్ వారీగా కూడే సమ్‌ఇఫ్స్ ఫార్ములా ఆ తుక్కును ఏ జాబ్‌లోనూ కలపదు.