తక్కువ బడ్జెట్‌లో తీసిన మార్షల్ ఆర్ట్స్ సినిమాల్లో, లోపాలున్నా తప్పక చూడాల్సింది ఏది?

నా సమాధానం 2009లో వచ్చిన ఇండోనేషియా సినిమా 'మెరాంతావ్'. దర్శకుడు గారెత్ ఎవాన్స్, హీరో ఇకో ఉవైస్. వీళ్ళిద్దరే ఆ తర్వాత 2011లో 'ది రెయిడ్' చేసి ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్నారు. అది నచ్చి దీన్ని వెతుక్కుని చూసేవాళ్ళకి మొదటి అరగంట విసుగు పుట్టడం సహజం. నేనైతే మొదటిసారి మధ్యలోనే ఆపేశాను.

కొన్ని నెలల తర్వాత మోకాలికి దెబ్బ తగిలి కరాటే ప్రాక్టీసు మానేసి ఇంట్లో కూర్చున్నప్పుడు మళ్ళీ పెట్టాను. ఈసారి చివరిదాకా కదలకుండా చూశాను.

లోపాలు ముందే చెప్పేస్తాను. పల్లెటూరి కుర్రాడు నగరానికి వచ్చి, అమ్మాయిల్ని అమ్మే ముఠా నుంచి ఒకమ్మాయిని కాపాడబోతాడు. ఇంతే కథ. తర్వాత ఏం జరుగుతుందో చాలాచోట్ల ముందే తెలిసిపోతుంది. విదేశీ విలన్లు ఇంగ్లీషులో మాట్లాడే సీన్లలో నటన బాగా తేలిపోయింది. నిడివి కూడా ఎక్కువే, పూర్తి వెర్షన్ రెండు గంటలు దాటుతుంది.

ఇక ఎందుకు చూడాలంటే, ముందు ఆ పేరు గురించి చెప్పాలి. పశ్చిమ సుమత్రాలో మినాంగ్‌కబావ్ అనే ప్రజలున్నారు. వాళ్ళలో ఇల్లూ పొలమూ తల్లి నుంచి కూతురికి వెళ్తాయి. మగపిల్లలు వయసొచ్చాక ఊరు వదిలి బయటికి వెళ్ళి, లోకం చూసి, తమ కాళ్ళమీద తాము నిలబడాలి. ఆ వెళ్ళడాన్నే మెరాంతావ్ అంటారు. హీరో యుదా జకార్తాలో సిలాత్ అనే అక్కడి యుద్ధవిద్య నేర్పి బతుకుదామని బయల్దేరతాడు. తీరా వెళ్ళాక తలదాచుకునే చోటు కూడా దొరకదు. మొదటిసారి నాకు విసుగనిపించిన భాగం ఇదే. రెండోసారి అర్థమైంది: కొట్టడం ఇష్టంలేని మనిషి ఎప్పుడు చెయ్యెత్తుతాడా అని మనం ఎదురుచూసేలా చేస్తున్నాడు దర్శకుడు. అందుకే తర్వాత పడే ప్రతి దెబ్బా మనకి తగిలినట్టుంటుంది.

యుదా చేసేది సిలాత్ హరిమావ్. హరిమావ్ అంటే పులి. ఒళ్ళంతా నేలకి దించి, అవసరమైతే చేతులు కూడా నేలకి ఆనించి, కింద నుంచి ఎదుటివాడి కాళ్ళు లాగేస్తారు. జారే నేలమీద నిలబడి కొట్టుకోవడం కష్టం కాబట్టి ఈ పద్ధతి పుట్టిందంటారు. నేను ఎనిమిదేళ్ళు కరాటే నేర్చుకున్నాను. కిందికి దిగి ఒక నిమిషం నిలబడితే తొడలు ఎలా వణుకుతాయో తెలుసు. ఇకో అక్కడి నుంచే లేస్తాడు, తిరుగుతాడు, తంతాడు. అతను నటుడిగా పుట్టినవాడు కాదు. సిలాత్ మీద డాక్యుమెంటరీ తీస్తున్నప్పుడు ఎవాన్స్ కంట్లో పడ్డాడు, అప్పటికి ఒక టెలికాం కంపెనీలో డ్రైవరు.

పెద్ద బడ్జెట్ యాక్షన్ సినిమాల్లో చాలాసార్లు దెబ్బకో కట్ పడి, ఎవరు ఎవర్ని కొట్టారో తెలియదు. ఇక్కడ కెమెరా కాస్త దూరంగా ఉండి ఇద్దరి కాళ్ళూ చేతులూ కనబడనిస్తుంది. డబ్బు తక్కువైన సినిమాకి నెలల తరబడి చేసిన సాధన ఎలా అక్కరకొస్తుందో నేను ఇందులోనే చూశాను.

అన్నిటికంటే నాకిష్టమైనది లిఫ్ట్‌లో జరిగే ఫైట్. ఎరిక్ అనే పాత్ర వేసిన యయాన్ రుహియాన్‌ని మొదట ఫైట్స్ కంపోజ్ చెయ్యడానికి తీసుకున్నారు, తర్వాత పాత్ర కూడా ఇచ్చారు. ఎరిక్ కూడా యుదాలాగే సిలాత్ నమ్ముకుని ఊరు వదిలినవాడు. బస్సులో పక్కన కూర్చుని, సిలాత్‌తో నగరంలో బతకలేవని యుదాకి చెప్పేది అతనే. అదే మనిషి తర్వాత ఆ ఇరుకు లిఫ్ట్‌లో ఎదురు నిలబడతాడు. చెయ్యి చాచడానికి చోటుండదు, మోచేతులూ మోకాళ్ళే ఆడతాయి. ఇద్దరి ముఖాల్లోనూ కోపం కంటే బాధే ఎక్కువ కనిపించింది నాకు.

ఆ ఫైట్ ముక్క విడిగా కనిపిస్తే మాత్రం ముందు చూడకండి. బస్సులో ఎరిక్ మాటలు విన్నాకే చూడండి.