స్కాట్లాండ్ కొండల్లో తిరుగుతున్న యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. పొద్దున ఒకసారి, దీపాలు పెట్టాక మరోసారి చదివాను. గ్లాస్గోలో చదువుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా ఉత్తరాదికి బస్సెక్కి, తిరిగొచ్చి రాత్రి కూర్చుని తెలుగులో రాస్తున్నావంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ముందు బాగున్నది చెబుతాను. గ్లెన్‌కోలో బస్సు ఆగిన చోట బ్యాగ్‌పైప్ వాయించే పెద్దాయన, వాన అందుకోగానే వాయిద్యాన్ని కోటు లోపలికి లాక్కుని తను మాత్రం తడుస్తూ నిలబడ్డాడని రాశావు. ఆ వాక్యంలో వాన ఉంది, మనిషి ఉన్నాడు, అతని బతుకుతెరువు ఉంది. ఆ తర్వాతి పేజీల్లో మాత్రం నువ్వు తప్పుకున్నావు. లోయ వస్తే ‘భూలోక స్వర్గం’, కోట వస్తే ‘చరిత్రకు మౌన సాక్షి’. ఈ మాటలు ఏ దేశంలో ఏ కోటకైనా అతుకుతాయి. ఉర్కార్ట్ కోటకే చెందిన మాట నాకు ఒక్కటి కూడా దొరకలేదు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఆ దేశంలో కంటికి ఇంపుగా కనబడేదాని వెనుక చాలాచోట్ల ఎవరో చేసిన పని ఉంటుంది. అది ఎవరు చేశారో, ఎప్పుడు, ఎందుకు చేశారో కనుక్కున్నాకే వర్ణనకు పూనుకో.

‘మనిషి అడుగు పడని లోయలు’ అని రాశావు. అమ్మా, ఆ లోయల్లో ఊళ్లు ఉండేవి. పద్దెనిమిదో శతాబ్దం చివరి భాగం నుంచి పందొమ్మిదో శతాబ్దం మధ్య దాకా, హైలాండ్స్ అనే ఆ ఉత్తరాది కొండసీమ భూస్వాములు కౌలు రైతులను వెళ్లగొట్టి ఆ నేలను గొర్రెల మేతకు ఇచ్చారు. చిన్న కమతాల మీద వచ్చే కౌలు కంటే ఉన్ని, మాంసం వ్యాపారం చేసేవాళ్లు ఇచ్చే సొమ్ము ఎక్కువ. ఉత్తరాన సదర్లాండ్‌లో స్ట్రాత్‌నేవర్ అనే లోయ ఉంది. 1814లో అక్కడి జనాన్ని ఖాళీ చేయించినప్పుడు ఇళ్ల కప్పులకు నిప్పు పెట్టారు. ఆ ప్రాంతంలో కలప కరువు. వేరేచోట గూడు కట్టుకోవాలన్నా, పాత ఇంటికే తిరిగి రావాలన్నా ఆ దూలాలే దిక్కు. అవి కాలిపోతే మనిషికి తిరిగివచ్చే దారి ఉండదు. ఆ పని నడిపించిన పాట్రిక్ సెల్లర్ మీద 1816లో ఇన్వర్నెస్‌లో విచారణ జరిగింది. నిర్దోషి అని వదిలేశారు. జనంలో కొందరు సముద్రపు ఒడ్డున రాతినేల మీదికి చేరారు, ఎందరో ఓడలెక్కి కెనడా వైపు వెళ్లిపోయారు. నువ్వు చూసి మురిసిపోయిన ఏకాంతంలో ఈ చరిత్ర కూడా కలిసి ఉంది. అది తెలిశాక ఆ లోయ అందం తగ్గదు. కానీ నీ వాక్యం మారుతుంది.

మే నెలలో మళ్లీ ఉత్తరాదికి వెళతానన్నావు కదా, అప్పుడు ఇలా చూడు. గోధుమరంగు హెదర్ పొదల కొండవాలులో ఉన్నట్టుండి ఒకచోట పచ్చిక దట్టంగా, లేతగా కనిపిస్తే ఆగు. తరాల తరబడి పశువుల ఎరువు పడిన నేల అది. దగ్గరికి వెళితే నాచు పట్టిన మోకాలెత్తు రాళ్ల వరుసలు దీర్ఘచతురస్రంగా కనిపిస్తాయి. ఒకవైపు గోడలో మనిషి పట్టేంత సందు ఉంటే అది గుమ్మం. ఆ చుట్టుపక్కల తాకితే చురుక్కుమనే నెటిల్ మొక్కలు గుబురుగా ఉంటే ఇంకా నమ్మకంగా చెప్పవచ్చు, అవి మనుషులు, పశువులు మసలిన నేలలో బలంగా పెరుగుతాయి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ ఎదుటి వాలును చూడు. వరుసగా గట్లూ చాళ్లూ తేలతాయి. చేత్తో తవ్వి ఓట్లు, బంగాళాదుంపలు పండించిన మడుల గుర్తులవి. స్ట్రాత్‌నేవర్‌లో రోసల్ అనే ఊరి శిథిలాలు ఇలాంటివే. ఆ గుమ్మంలో నిలబడి, ఆ ఇంటావిడకు రోజూ ఏ కొండ కనిపించేదో చూసి రాయి. నాకు అది కావాలి.

కొండలు బోడిగా ఉండటాన్నీ నువ్వు ప్రకృతి ఖాతాలో వేశావు. అడవి తగ్గడం వేల ఏళ్ల కథ, దానిలో వాతావరణానికీ పాత్ర ఉంది. కానీ ఇప్పుడు మొలక తలెత్తకపోవడానికి చాలాచోట్ల గొర్రెలు, వేట కోసం ఎస్టేట్లు కాపాడుకుంటూ వచ్చిన ఎర్ర జింకలు కారణం. ఎక్కడైనా జింకల కంచె కనబడితే దాని పక్కన కాసేపు ఉండు. లోపల బర్చ్, రోవన్, పైన్ మొక్కలు నడుము ఎత్తు పెరిగి ఉంటాయి. బయట గడ్డి తప్ప ఏమీ ఉండదు. రెండు వైపులా ఒకే నేల, ఒకే వాన. ఆ కంచె గురించి రాస్తే ఒక పేజీ నిండుతుంది.

ఇక కోటలు. ఐలీన్ డోనన్ గురించి ‘శతాబ్దాల తుఫానులను తట్టుకుని చెక్కుచెదరని కోట’ అన్నావు. అక్కడ కోట కట్టింది పదమూడో శతాబ్దంలోనే, నిజమే. కానీ 1719 మే నెలలో, జాకొబైట్ల పక్షాన, అంటే గద్దె దిగిపోయిన జేమ్స్ రాజు వంశం కోసం పోరాడినవాళ్ల పక్షాన, వచ్చిన స్పెయిన్ సైనికులు అందులో ఉండగా, బ్రిటిష్ యుద్ధనౌకలు ఫిరంగులతో కొట్టి, ఆ పైన మందుగుండుతో పేల్చేశాయి. దాదాపు రెండు వందల ఏళ్లు అది రాళ్ల గుట్ట. 1911లో జాన్ మాక్రే-గిల్‌స్ట్రాప్ ఆ దీవిని కొని, తిరిగి కట్టించాడు. పని 1932లో పూర్తయింది. నువ్వు ఫోటో తీసుకున్న రాతి వంతెన కూడా అప్పటిదే. ఇది తెలిసి నిరుత్సాహపడకు. తన వంశం అనుబంధం ఉన్న కోటను ఒక మనిషి ఇరవై ఏళ్లు పట్టుబట్టి లేపాడన్నది ‘చెక్కుచెదరని కోట’ కంటే ఎంతో గొప్ప కథ. ఉర్కార్ట్ సంగతి ఇందుకు తిరగబడింది. 1692లో దాన్ని విడిచి వెళ్తున్న ప్రభుత్వ దండే, జాకొబైట్ల చేతికి చిక్కకుండా సింహద్వారాన్ని పేల్చేసింది. ఆ పేలుడుకు ఊడిపడిన గోడ ముక్కలు ఇప్పటికీ ద్వారం పక్కనే పడి ఉన్నాయి. వాటి పక్కనుంచే నడిచి లోపలికి వెళ్లావు. వాటి మందం చేత్తో కొలిచి చూడవలసింది.

గ్లెన్‌కో హత్యాకాండను మూడు వాక్యాల్లో ముగించావు. అక్కడ తొందర పనికిరాదు, జరిగిన వరుసలోనే నెమ్మదిగా చెప్పు. 1692 జనవరి ఒకటో తేదీలోగా తెగల పెద్దలందరూ విలియం రాజుకు విధేయత ప్రమాణం చేయాలన్నది ఆజ్ఞ. గ్లెన్‌కో మెక్‌డొనాల్డుల పెద్ద మెకియన్ డిసెంబరు ఆఖరి రోజున ఫోర్ట్ విలియం చేరాడు. ప్రమాణం ఇక్కడ కుదరదు, ఇన్వరేరీ వెళ్లమన్నారు. ముసలాయన మంచులో పడి వెళ్లి జనవరి ఆరున ప్రమాణం చేశాడు. ఆ ఆలస్యమే సాకైంది. ఫిబ్రవరి మొదట్లో వచ్చిన సైనికులు ఆ ఇళ్లలోనే పన్నెండు రోజులు తిన్నారు, పడుకున్నారు, పేకాడారు. పదమూడో తేదీ తెల్లవారకముందే తమకు అన్నం పెట్టినవాళ్ల మీద పడ్డారు. డెబ్బై ఏళ్ల లోపు వాళ్లను ఎవరినీ వదలవద్దన్నది వాళ్లకు అందిన ఉత్తరువు. 38 మంది దాకా చంపారని చెబుతారు. పారిపోయిన ఆడవాళ్లు, పిల్లలు ఎందరో చలికి పోయారు. అతిథిగా వచ్చి ఇంటివాళ్లను చంపడాన్ని ఆ దేశపు చట్టం మామూలు హత్య కంటే ఘోరంగా చూసింది. ఇందులో విశేషణం ఒక్కటి కూడా కలపనక్కరలేదు. తేదీలు, మంచు, ఆ పన్నెండు రోజుల భోజనాలు చాలు.

సరస్సుల విషయంలో నీటిని చూడు. లాక్ నెస్ (లాక్ అంటే అక్కడ సరస్సు) పొడవు దాదాపు 37 కిలోమీటర్లు, బాగా లోతైన చోట లోతు దాదాపు 230 మీటర్లు. ఇంగ్లండ్, వేల్స్ సరస్సులన్నింటి నీటి కంటే ఇందులోని నీరే ఎక్కువ. ఇంత పొడవుగా, తిన్నగా ఎందుకుందంటే, భూమి పొరల్లోని పెద్ద బీటను పట్టుకుని హిమానీనదాలు తొలిచిన లోయ అది. చుట్టూ కొండల మీద పీట్ అనే నల్లటి, సగం కుళ్లిన నాచుమట్టి ఉంది. వాన దాన్ని కడుక్కుని దిగుతుంది కాబట్టి దోసిట్లోకి తీసుకుంటే నీళ్లు పల్చటి డికాక్షన్ రంగులో ఉంటాయి, చూపు కొద్ది అడుగుల లోతు దాటదు. ఆ నీళ్లలో రాకాసి ఉందన్న కథ పుట్టడానికి ఈ చీకటి కూడా దోహదపడింది. ఆ కథకు నువ్వు రెండు పేజీలిచ్చావు, ఒక పేరా చాలు: 1933లో పత్రికలకెక్కింది, 1934 నాటి ప్రసిద్ధ ఫోటో బూటకమని 1994లో బయటపడింది. ఆ చోటు ఫోర్ట్ అగస్టస్‌కు ఇవ్వు. థామస్ టెల్‌ఫర్డ్ రూపకల్పన చేసి 1822లో తెరిచిన కాలువ అక్కడ ఐదు లాకుల మెట్లుగా సరస్సులోకి దిగుతుంది. మన గోదావరి జిల్లాల వాళ్లకు లాకుల గురించి విడమరచి చెప్పనక్కరలేదు, పడవ ఒక్కో గదిలో ఎలా దిగుతుందో చూసింది చూసినట్టు రాస్తే వాళ్లు నీతో పాటు గట్టున నిలబడతారు. ఐలీన్ డోనన్ చుట్టూ ఉన్నది మాత్రం ఉప్పునీరు, సముద్రమే లోయలోకి చొచ్చుకొచ్చింది. పోటు వేళ దీవి అందంగా ఉంటుంది. ఆటు వేళ వెళితే రాళ్లకు పట్టిన గోధుమరంగు నాచు, దాని వాసన, నత్తల కోసం దిగిన పక్షులు ఉంటాయి. రెండు వేళలా చూడాలి.

మన పాఠకులకు దగ్గర చేయడానికి నువ్వు ప్రతి కోటకూ గోల్కొండను, ప్రతి సరస్సుకూ హుస్సేన్ సాగర్‌ను తోడు తెచ్చావు. అవి తీసేయి. నిజమైన బంధుత్వం వేరే ఉంది. నువ్వు ఉంటున్న గ్లాస్గోలోనే 1761లో థామస్ మన్రో పుట్టాడు. రాయలసీమకు కలెక్టరుగా వచ్చి, 1827లో పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. పడమటి దీవుల్లో లూయిస్ అనే దీవి ఉంది. కైఫీయత్తులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీది అక్కడి స్టోర్నవే. ఆయన కోసం ఊరూరా తిరిగి, పల్లెల చరిత్రలు పోగుచేయించిన వాళ్లలో మన ఏలూరు వైపు నుంచి వెళ్లిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య ముఖ్యులు. ఈ ఊరు ఎవరు కట్టించారు, ఈ చెరువు ఎవరు తవ్వించారు, ఈ మాన్యం ఎవరిచ్చారు, ఊరు ఎప్పుడు పాడుపడింది, మళ్లీ ఎవరు నిలబెట్టారు: వాళ్ల కైఫీయత్తుల నిండా ఇవే సంగతులు. కరణాలను, పూజారులను, వయసు మళ్లినవాళ్లను కూర్చోబెట్టి అడిగారు. అవే ప్రశ్నలు నువ్వు మెకంజీ పుట్టిన దేశంలో అడగాలని నా కోరిక. పోస్టాఫీసు నడిపే ఆవిడను అడుగు, గొర్రెల కాపరిని అడుగు, చర్చి ఆవరణలో గడ్డి కోసేవాణ్ణి అడుగు. తిన్నగా చరిత్ర అడిగితే పుస్తకంలోది చెబుతారు. ఈ గోడ ఎవరిది, ఈ పొలాన్ని ఏమంటారు, మీ తాత ఎక్కడివాడు అని అడిగితే ఆగకుండా మాట్లాడతారు.

ప్రయాణం సంగతి కూడా కొంచెం. బస్సు టూరు ఈసారి మానేయి. అది నిన్ను ఫోటోలు తీసుకునే చోట దించి, ఇరవై నిమిషాల్లో ఎక్కించుకుంటుంది. గ్లాస్గో నుంచే రైలుంది. రానక్ మూర్ బురదనేల మీద పట్టాలు మునిగిపోకుండా కొమ్మలు, వేళ్లు, మట్టి పరిచి, ఆ పరుపు మీద దారి వేశారు. దాని అంచున కొరౌర్ స్టేషనులో దిగు. 408 మీటర్ల ఎత్తున ఉంటుంది, ప్రజలు వాడే రోడ్డేదీ అక్కడికి రాదు. తర్వాతి రైలు వచ్చేదాకా నడువు. 2003 నాటి భూసంస్కరణ చట్టం వల్ల, పంటలు, ఇళ్ల ఆవరణలు తప్పించి, బాధ్యతగా మసలుకుంటే చాలా నేల మీద ఎవరైనా నడవవచ్చు. జూన్ నుంచి ఆగస్టు దాకా మిడ్జ్ అనే కంటికి ఆనని ఈగలు గాలి లేని సాయంత్రాలు ఒళ్లంతా కుడతాయి. అందుకే నువ్వు మే నెల ఎంచుకోవడం మంచిదైంది. ఒకవేళ కుడితే దాచకుండా రాయి. ప్రతి నోటు పక్కన గంట వేసుకో, అక్కడ వేసవిలో రాత్రి పదింటికి కూడా వెలుతురుంటుంది, తర్వాత నీకే తికమక అవుతుంది. పెన్ను బదులు పెన్సిలు పట్టుకెళ్లు, వానలో సిరా నిలవదు.

తిరగరాసేటప్పుడు అంతా ఒకేసారి మొదలుపెట్టకు. గ్లెన్‌కో భాగం ముందు రాసి పంపు, ఆ పెద్దాయనను మాత్రం ఉన్నచోటే ఉంచు. ఐలీన్ డోనన్ పేరా ఆటు వేళ చూసి వచ్చాక రాద్దువుగాని. స్టోర్నవేకు ఉల్లాపూల్ నుంచి ఓడ ఉంది. వెళ్లగలిగితే వెళ్లు, అక్కడ మెకంజీ గురించి ఎవరికేమి గుర్తుందో అడిగి నాకు వివరంగా రాయి. ఆ వ్యాసం నేను నా పత్రికా మిత్రులకు స్వయంగా ఇస్తాను.

ఆశీస్సులతో.