టైమింగ్ బెల్ట్ మార్చేటప్పుడు టెన్షనర్, వాటర్ పంపు కూడా మార్చాలా?

మార్చాలి, పాత ఇంజిన్‌లో బెల్టుతో పాటు టెన్షనర్‌ను (బెల్టును బిగుతుగా ఉంచే భాగం), ఐడ్లర్ పుల్లీలను (బెల్టుకు దారి చూపే చక్రాలు), అలాగే వాటర్ పంపును కూడా ఆ బెల్టే తిప్పుతుంటే ఆ పంపునూ ఒకేసారి మార్చడమే సరైన పద్ధతి. పిస్టన్ల కదలికతో తిరిగే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ సరిగ్గా ఒక చుట్టు తిరిగేలా చూసేది ఈ బెల్టే. బెల్టు తెగితేనే కాదు, అరిగిన టెన్షనర్ బేరింగు పట్టేసినా, పంపు నుంచి కారిన కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) బెల్టును పాడుచేసినా ఆ లెక్క తప్పుతుంది. అప్పుడు చాలా ఇంజిన్లలో పైకి వచ్చే పిస్టన్లు తెరుచుకొని ఉన్న వాల్వులను ఢీకొని వాటిని వంచేస్తాయి. ఒక చిన్న బేరింగు కోసం వాల్వులు ఉండే ఇంజిన్ పైభాగం (హెడ్) మొత్తం విప్పవలసి రావడం నిజంగా బాధాకరం.

ఉదాహరణకు, పాత స్కోడా ఆక్టేవియా 1.9 టీడీఐ డీజిల్ కారులో వాటర్ పంపును తిప్పేది టైమింగ్ బెల్టే కనుక, తర్వాత పంపు ఒక్కటే పాడైనా కవర్లు, ఇంజిన్ మౌంటు, బెల్టు అన్నీ మళ్లీ విప్పాలి, కూలి మళ్లీ చెల్లించాలి.

పగుళ్లు కనిపించలేదు కాబట్టి బెల్టు బాగుందని, తక్కువ తిరిగిన కారుకు ఈ పని అక్కరలేదని చాలామంది పొరబడతారు. లోపలి దారాల బలహీనత పైకి కనిపించదు, రబ్బరు వయసుతో కూడా చెడుతుంది. అందుకే మాన్యువల్‌లో కిలోమీటర్లతో పాటు సంవత్సరాల గడువు కూడా ఉంటే, వాటిలో ముందుగా వచ్చినదాన్నే పాటించాలి.