పి.ఎఫ్ అంటే ప్రావిడెంట్ ఫండ్ కాదు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. అమెరికాలో స్టవ్ మీద పి.ఎఫ్ అని వస్తే ఏం చెయ్యాలో చెబుతూ నువ్వు రాసిన వ్యాసం అంది వారం దాటింది. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. మొదటిసారి పడక్కుర్చీలో కూర్చుని చదివాను. బాగానే ఉందనిపించింది. రెండోసారి వంటింట్లో స్టవ్ ముందు నిలబడి, ఆ స్టవ్ పనిచెయ్యట్లేదనుకుని చదివాను. మా ఆవిడ వింతగా చూసింది కానీ, రెండోసారి చదివాకే నీకేం రాయాలో తెలిసింది.

నువ్వు రాసిన విషయం నాకు కొత్త కాదు. డల్లాస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలున్నాం కదా, అప్పుడు నాకూ ఆ అక్షరాలు ఎదురయ్యాయి. రాత్రంతా గాలివాన. తెల్లారగట్ల కాఫీకి పాలు పెడదామని వెళ్తే, స్టవ్ మీద టైము కనపడాల్సిన చోట పి.ఎఫ్ అని వెలుగుతూ ఆరుతూ ఉంది. ముప్ఫై మూడేళ్లు సర్కారు కొలువు చేసినవాడికి పి.ఎఫ్ అంటే ఒక్కటే అర్థం. స్టవ్‌కి ప్రావిడెంట్ ఫండ్ ఏమిటా అని నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. పరాయి దేశం, ఖరీదైన సామాను, నేనేం నొక్కితే ఏమవుతుందో. పాలగిన్నె చేతిలో పట్టుకుని పావుగంట నిలబడ్డాను. మా అమ్మాయి లేచొచ్చి, ఆవలిస్తూనే క్యాన్సిల్ నొక్కి, టైము పెట్టి వెళ్లిపోయింది. అంతే సంగతి. పవర్ ఫెయిల్యూర్‌కి పొడి అక్షరాలట. కరెంటు పోయి వచ్చింది, నా గడియారం సరిచెయ్యి అని స్టవ్ మొరపెట్టుకుంటోంది, దానికేం రోగం లేదు.

ఇప్పుడు నీ వ్యాసం తీసి చూడు. ఈ క్యాన్సిల్ బటన్ మాట ఎక్కడుంది? తొమ్మిదో పేరాలో. దానికి ముందు కరెంటు ఎవరు కనిపెట్టారు, అమెరికాలో వంటగదులు ఎలా మారాయి, ఎర్రర్ కోడ్‌లు ఎన్ని రకాలు. పాలగిన్నె పట్టుకున్నవాడు తొమ్మిదో పేరా దాకా రాడమ్మా. మొదటి వాక్యంలోనే చెప్పెయ్యి: క్యాన్సిల్ గానీ ఆఫ్ గానీ నొక్కండి, టైము పెట్టండి, మళ్లీ రాకపోతే వంట చేసుకోండి. ఎక్కువమంది పని అక్కడితో అయిపోతుంది. వాళ్లని వెళ్లనీ. పి.ఎఫ్ పోయినట్టే పోయి మళ్లీ మళ్లీ కనపడుతున్నవాళ్ల కోసమే మిగతా వ్యాసం.

భాష గురించి ఒక్క మాట. ‘విద్యుత్ వైఫల్య దోష సంకేతము’ అని రాశావు. ఆ మాట ఏ వంటింట్లోనైనా విన్నావా? మీ అమ్మగారు ఫోన్లో ఏమంటారు? ‘కరెంటు పోయొచ్చిందే, స్టవ్ మీద ఏవో అక్షరాలు వస్తున్నాయి’ అంటారు. అదే రాయి. బ్రేకర్‌ని (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆపేసే స్విచ్) బ్రేకర్ అనే ఉండనీ, న్యూట్రల్‌ని (కరెంటు తిరిగి వెళ్లే తీగె) ‘తటస్థ తీగ’ చెయ్యకు. ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడాల్సొస్తే వాళ్లకి ఆ మాటలే కావాలి. ఓవెన్‌తో కలిపి వచ్చే స్టవ్‌ని అక్కడ రేంజ్ అంటారని మాత్రం ఒకసారి చెప్పు, ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లకి తెలియదు.

ఇక అసలు తగువు. రెండో పేజీలో ఒక వాక్యం రాశావు: ‘డిస్‌ప్లే వెలుగుతోందంటే స్టవ్‌కి కరెంటు సరిగ్గానే అందుతోందని అర్థం.’ ఈ ఒక్క వాక్యం కోసమే నీ వ్యాసం వెనక్కి పంపుతున్నాను.

అమెరికాలో ఇంట్లోకి మూడు తీగెలు వస్తాయి. రెండు కరెంటువి, ఒకటి న్యూట్రల్. కరెంటు తీగెల్లో ఏ ఒక్కదానికైనా న్యూట్రల్‌తో 120 వోల్టులు. ఆ రెండు తీగెల మధ్య 240. టీవీ, దీపాలు 120 మీద నడుస్తాయి. ఎలక్ట్రిక్ స్టవ్ రెండు రకాలుగానూ తింటుంది: గడియారానికి, ఓవెన్ లోపలి బల్బుకి 120 చాలు, బర్నర్లకి 240 కావాలి. ఇప్పుడు బ్రేకర్‌లో ఒక పక్క మాడిందనుకో, ఒక తీగె స్క్రూ వదులైందనుకో. గడియారం రెండో తీగె మీద ఉంటే నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది. బర్నర్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది. నీ వాక్యం నమ్మినవాడు కరెంటు బాగుందనుకుని, బర్నర్లు పోయాయనుకుని, కొత్త స్టవ్ కొనుక్కొస్తాడు. అదీ వెలగదు.

మన ఊళ్లలో మోటారు ఉన్న ప్రతి రైతుకీ ఈ సంగతి తెలుసు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా షెడ్డులో బల్బు వెలుగుతూనే ఉండొచ్చు, మోటారు మాత్రం మూలుగుతుంది. బల్బుంది కదా, కరెంటున్నట్టే అని స్టార్టరు నొక్కినవాళ్లు వైండింగ్ ఖర్చు పెట్టుకున్నవాళ్లే. మీ తాతగారికి ఫోన్ చేసి అడుగు. ఆయన చెప్పింది రెండు ముక్కలు నీ వ్యాసంలో పెడితే, తెలుగువాడికి ఏ బొమ్మా అక్కర్లేకుండా అర్థమవుతుంది.

ఇంకోటి. పి.ఎఫ్ తరచూ వస్తుంటే ముందు ఏం చూడాలో నువ్వు రాయలేదు. మైక్రోవేవ్ గడియారం చూడాలి. అదీ టైము మర్చిపోయి ఉంటే ఇల్లంతా కరెంటు పోయిందన్నమాట, స్టవ్ తప్పేం లేదు. మైక్రోవేవ్ టైము సరిగ్గా ఉండి స్టవ్ ఒక్కటే పి.ఎఫ్ అంటుంటే, అదీ రెండు మూడుసార్లు అలాగే జరిగితే, స్టవ్ లైన్‌లోనో, స్టవ్‌లోనో ఎక్కడో తెగుతోందని అనుమానించాలి. పైసా ఖర్చు లేదు, ఏదీ విప్పక్కర్లేదు, తల కాస్త పక్కకి తిప్పితే చాలు. ఓవెన్ బాగా వేడెక్కుతున్నప్పుడో, పెద్ద బర్నర్ పెట్టినప్పుడో వస్తోందా, ఊరికే ఉన్నప్పుడు కూడా వస్తోందా అని కూడా కనిపెట్టమను. ఎక్కువ కరెంటు లాగినప్పుడే వస్తుంటే ఏదో కనెక్షన్ వదులుగా ఉండే అవకాశం ఎక్కువ.

తర్వాత బ్రేకర్. నువ్వు ‘బ్రేకర్‌ను పరిశీలించండి’ అని వదిలేశావు. ఏం పరిశీలించాలి? స్టవ్ బ్రేకర్ మామూలుగా 40 గానీ 50 గానీ ఆంపియర్లది, రెండు పిడులు కలిపి ఉంటాయి. ట్రిప్పయితే అది పూర్తిగా ఆఫ్ వైపు పడదు, నడిమధ్యన ఆగుతుంది. పైపైన చూస్తే ఆన్‌లోనే ఉన్నట్టుంటుంది. గట్టిగా ఆఫ్ వైపు నొక్కి, ఒక నిమిషం ఆగి, అప్పుడు ఆన్ వైపు తొయ్యాలి. మళ్లీ పడితే మళ్లీ తొయ్యకూడదు. నువ్వు గరాజ్‌కి వెళ్లి, బ్రేకర్లుండే పెట్టె తలుపు తీసి, నీ కళ్లతో చూసి ఉంటే ఈ మాటలు వాటంతటవే వచ్చేవి. ఇంటర్నెట్లో చదివి రాశావని అందుకే తెలిసిపోయింది.

చివరి పేజీలో ‘స్టవ్‌ను ముందుకు లాగి, వెనక ప్లేటు విప్పి, వదులైన స్క్రూలు బిగించండి’ అన్నావు. ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి, చెప్పుకోదగ్గది కాదు.

చాలాకాలం కిందట ఒక వారపత్రికలో ఇంటి రిపేర్ల శీర్షిక రాసేవాణ్ని. ఇస్త్రీ పెట్టెకి వైరు మార్చుకోవడం ఎలాగో రాస్తూ ‘స్విచ్ ఆఫ్ చేసి’ అన్నాను. పదిహేను రోజులకి ఒక పోస్టుకార్డు వచ్చింది. ‘అయ్యా, మీరు రాసినట్టే స్విచ్ ఆఫ్ చేశాను, షాక్ కొట్టింది. దేవుడి దయవల్ల బతికాను.’ వాళ్లింట్లో వైరింగ్ చేసినవాడు స్విచ్‌ని ఫేజు తీగెకి బదులు న్యూట్రల్‌కి పెట్టాడు. స్విచ్ ఆపినా పెట్టెలో కరెంటు ఉంది. అలాంటి ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉంటాయని నాకు తెలుసు. తెలిసీ ‘ప్లగ్గు పీకి’ అని రాయలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా డిక్షనరీలో ఉంది.

స్టవ్ మీద ఆఫ్ బటన్ నొక్కితే వెనక ఉన్న 240 వోల్టులు ఎక్కడికీ పోవు. ప్లేటు వెనక ఆ లావుపాటి వైరు వచ్చి స్క్రూలకి తగిలే చోట, వదులైతే వేడెక్కి మాడుతుంది, ప్లాస్టిక్ కమురు వాసన వస్తుంది, నల్లబడుతుంది. ఇంతవరకు రాయి, ఎలక్ట్రీషియన్‌తో చెప్పుకోవడానికి పనికొస్తుంది. విప్పమని మాత్రం రాయకు. వాసన వస్తే బ్రేకర్ ఆపి పిలవమను. నీ వ్యాసం చదివేవాళ్లలో చాలామంది అద్దె ఇళ్లలో ఉంటారు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ వాళ్లకి ఫోన్ చేస్తే సరి. పైగా ఆ స్టవ్ కిందపడకుండా వెనక కాలిని ఒక ఇనప కొక్కెం పట్టుకుని ఉంటుంది. లాగినవాళ్లు దాన్ని మళ్లీ తగిలించడం మర్చిపోతే, ఓవెన్ తలుపు తీసి చిన్నపిల్లాడు దాని మీద ఎక్కితే స్టవ్ ముందుకి ఒరుగుతుంది.

తీగెల సంఖ్య గురించి నువ్వు రాసింది నిజమే. 1996 నాటి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ (అక్కడి వైరింగ్ నియమావళి) నుంచి కొత్తగా వేసే స్టవ్ లైన్లకి ఎర్తుతో కలిపి నాలుగు తీగెలు ఉండాలి, పాత ఇళ్లలో మూడే ఉండొచ్చు. కానీ ఈ వ్యాసానికి అది అక్కర్లేదు, తీసెయ్యి.

గ్యాస్ స్టవ్‌కీ పి.ఎఫ్ వస్తుందని ఒక పేరా కలుపు. దాని గడియారం కూడా కరెంటుదే మరి. కరెంటు లేనప్పుడు పైన బర్నర్ అగ్గిపుల్లతో వెలిగించుకోవచ్చని చాలా కంపెనీల మాన్యువల్స్‌లోనే ఉంటుంది, ఓవెన్‌కి అలా కుదరదు. ఆ పక్కనే ఒక హెచ్చరిక తప్పకుండా ఉండాలి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్‌లో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, వెచ్చదనం కోసం ఇంట్లో ఏవేవో వెలిగించి కార్బన్ మోనాక్సైడ్‌తో చనిపోయినవాళ్లున్నారు. స్టవ్ వంటకే, గది వెచ్చబెట్టుకోవడానికి కాదని రాయి.

కాగితాల అంచుల్లో ఎర్ర సిరాతో ఇంకా ఏవేవో గీశాను. అక్షరం అర్థం కాకపోతే ఫోన్ చెయ్యి, ఇక్కడి టైము పొద్దున్న ఏడింటికైతే మేలు. తిరగరాశాక నాకు పంపే ముందు మీ ఆయనకివ్వు. ఆయనకి స్టవ్ ఎలా వెలిగించాలో కూడా తెలియదన్నావు కదా, అలాంటివాడే కావాలి. స్టవ్ ముందు నిలబెట్టి చదవమను, నువ్వు పక్కన ఉండి నోరు మెదపకు. ఎక్కడ ఆగి నీ మొహం చూస్తాడో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు.

మీ అత్తగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మాస్టారు