మా లడ్డు రక్తం ఇచ్చాం, మీరూ ఇవ్వండి

ప్రశ్న: "మా ల్యాబ్రడార్‌కి తుంటి సమస్య ఉంది. జాతి కుక్కల్లో వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల పరిశోధనకి దాన్ని ఇస్తారా అని అడుగుతున్నారు. ఇవ్వచ్చా?"

ఇవ్వండి. వాళ్లు కుక్కని తీసుకుపోరు. కాస్త రక్తం, పాత ఎక్స్‌రేలు, దాని తల్లిదండ్రుల వివరాలు, అంతే. మా అమ్మ కూడా మొదట "కిడ్నీ గిట్ల తీస్కపోతరేమో" అని గేటు తీయలేదు.

మాది నల్లగొండ. మా కుక్క లడ్డు ఇంటికి వచ్చినప్పుడు నలభై ఐదు రోజుల పిల్ల. ఎనిమిదో నెలలో వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతడం మొదలుపెట్టింది. ముద్దుగా ఉందని వీడియోలు తీసి స్టేటస్ పెట్టుకున్నాం. తర్వాత మేడ మెట్లెక్కడం మానేసింది. పడుకుని లేవాలంటే ముందు కాళ్లతో ఈడ్చుకునేది, నున్నటి బండల మీద వెనక కాళ్లు చెరోవైపుకి జారిపోయేవి. మా జిల్లాలో ఎవరి కాళ్లు వంకరపోయినా వచ్చే మాట ఒకటే, నీళ్లలో ఫ్లోరైడ్. మర్రిగూడ, నాంపల్లి వైపు ఆ నీళ్లు ఏం చేశాయో చూసినవాళ్లం కదా. నాన్న ఆ రోజు నుంచి కుక్కకి కూడా క్యాన్ నీళ్లే పోశాడు. ఆరు నెలలు పోశాడు.

చివరికి హైదరాబాద్ తీసుకెళ్తే మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్లు చాపి ఎక్స్‌రే తీశారు. తుంటి దగ్గర గిన్నెలాంటి గుంట ఉంటుంది, తొడ ఎముక గుండు అందులో కూర్చోవాలి. లడ్డుకి ఆ గిన్నె సాసర్ అంత లోతే ఉంది, గుండు సగం బయటే. ఫ్లోరైడ్ అయితే ఎముకలు గట్టిపడి ఇంకా తెల్లగా కనబడతాయని డాక్టర్ చెప్పారు. ఇది హిప్ డిస్‌ప్లేసియా. పుట్టినప్పుడు కీలు బాగానే ఉంటుంది, పెరిగేకొద్దీ వదులవుతుంది. ఒక్క జన్యువుతో వచ్చేది కాదు, చాలా జన్యువులు కలిసి తెచ్చిపెడతాయి. చిన్నతనంలో ఒళ్లు ఎక్కువ చేస్తే ఇంకా చెడుతుంది. మా అమ్మ రోజూ కలిపిపెట్టే మీగడ పెరుగన్నం సంగతి అక్కడ ఎవరమూ ఎత్తలేదు.

తర్వాతి ఏడాది ఒక పశువైద్య పీజీ అబ్బాయి థీసిస్ పని మీద ఐస్ బాక్స్ పట్టుకుని ఆర్టీసీ బస్సులో వచ్చాడు. జాతి కుక్క ఇంటికి ఎవరో వస్తున్నారని అమ్మ పొద్దున్నే లడ్డుకి స్నానం చేయించింది. తడి కుక్కని పట్టుకోలేక మేం ముగ్గురం తడిసిపోయాం. ముందు కాలి మీద చిన్న చోట వెంట్రుకలు గీసి, ఊదా మూత ఉన్న చిన్న ట్యూబులు రెండు నింపాడు. రెండు నిమిషాల పని.

గంటన్నర పట్టింది మాత్రం ఫారానికి. తండ్రి ఎవరు, తల్లి ఎవరు, అదే ఈతలో పుట్టిన మిగతా పిల్లలు ఎక్కడున్నాయి? అమ్మినాయనకి ఫోన్ చేస్తే "పేపర్లు ఇచ్చిన కదా సార్" అని పెట్టేశాడు. ఆ పేపర్లు తీసి చూస్తే లడ్డు తండ్రి పేరూ, లడ్డు తల్లికి తండ్రి పేరూ ఒకటే! మనుషుల్లో మేనరికమే వద్దంటున్న రోజులివి. కుక్కల్లో తండ్రీకూతుళ్లని కలిపి, దానికి లైన్ బ్రీడింగ్ అని పేరు పెట్టి, పిల్లకి ఐదు వేలు ఎక్కువ తీసుకుంటారు. నల్లగొండ ఎండల్లో చలిదేశపు హస్కీ కుక్కలు అమ్ముతున్నదీ వీళ్లే. దాని గురించి మొదలుపెడితే ఈ జవాబు ఇవాళ పూర్తికాదు.

తోడబుట్టినవి రెండు దొరికాయి. మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆయన దగ్గరున్నదానికీ ఇదే బాధ. ఆయన వెంటనే రమ్మన్నాడు. దేవరకొండలో ఉన్నది మాత్రం గోడలు దూకుతోంది. ఆ సంగతి వినగానే ఈ అబ్బాయి మొహం వెలిగిపోయింది. జబ్బున్న కుక్కకీ లేని కుక్కకీ తేడా ఎక్కడుందో చూడాలంటే రెండూ కావాలి, ఒకే ఇంటివైతే మరీ మంచిదట. కానీ దాని యజమాని "మా కుక్కకు రోగమే లేదు, రక్తం ఎందుకియ్యాలె" అన్నాడు. నేను రెండుసార్లు, నాన్న ఒకసారి ఫోన్ చేశాం. ఒప్పుకోలేదు. నా లెక్కలో మన దగ్గర ఈ పని సాగనిది డబ్బుల్లేక కాదు, ఇలాంటివాళ్ల వల్లే. సంబంధాలు చెడిపోతాయని ఇంట్లో జబ్బు దాచినట్టు కుక్క జబ్బూ దాస్తారు, లేకపోతే నాదానికేం లేదని తలుపేసుకుంటారు.

అమెరికాలో 2012 నుంచి మూడు వేలకు పైగా గోల్డెన్ రిట్రీవర్లని వాటి యజమానులే ఒక అధ్యయనంలో చేర్పించారు. చేర్చినప్పుడు అవన్నీ ఆరోగ్యంగా ఉన్న చిన్న కుక్కలే. ఏటా పరీక్షలు, రక్తం, ఏం తిన్నదీ ఎక్కడ పడుకున్నదీ అన్నీ రాసిస్తారు. బ్రియార్డ్ అనే జాతిలో వచ్చే పుట్టు గుడ్డితనానికి 2001లో కుక్కల్లో చేసిన జన్యు చికిత్స, 2017కల్లా అలాంటి లోపమే ఉన్న మనుషులకి మందుగా అనుమతి తెచ్చుకుంది. దేవరకొండ ఆయనకి ఇది కూడా చెప్పాను. "అయితే అమెరికావోళ్లనే అడుగుండ్రి" అన్నాడు.

లడ్డుకి ఇప్పుడు ఎనిమిదేళ్లు. బరువు తగ్గించాం, బండల మీద గోనె పట్టాలు పరిచాం, మెట్లు బంద్. ఆ అబ్బాయి థీసిస్ అయిపోయిందని ఫోన్ చేస్తే అమ్మ అడిగింది ఒక్కటే, "మా లడ్డు పాసయిందా బిడ్డా?"

మీరు మాత్రం సంతకం పెట్టేముందు అంగీకార పత్రం చదవండి, ఎక్స్‌రే కాపీ అడిగి తీసుకోండి. ఫారంలో తండ్రి పేరు తెలియకపోతే తెలియదనే రాయండి, అమ్మినవాడు చెప్పిన ఛాంపియన్ పేరు రాయకండి. స్నానం ముందు రోజే చేయించండి.